ఇంట్లో తామర: పిల్లిని పంపేయాలా?

గుమ్మంపిల్లి: మావారికి, అత్తయ్యకి నడుము దగ్గర, గజ్జల్లో తామర. నెలల తరబడి పోవట్లేదు. పిల్లి వల్లే, పంపేయమంటున్నారు. దానికి ఎక్కడా బొచ్చు ఊడలేదు. ఏం చేయాలి?

వీధిఅరుగు: పంపేయండి. మనుషులకంటే పిల్లి ఎక్కువా?

పశువైద్యం: తొందరపడకండి. పిల్లుల్లో తామరకి ముఖ్య కారణం మైక్రోస్పోరమ్ కానిస్ అనే ఫంగస్. మచ్చ లేకున్నా బొచ్చులో మోసుకు తిరగొచ్చు. కొత్త టూత్‌బ్రష్‌తో ముఖం, చెవులు, కాళ్లతో సహా ఒళ్లంతా దువ్వి, ఆ బ్రష్‌నే కల్చర్‌కి, అంటే ల్యాబులో ఫంగస్ పెంచి చూసే పరీక్షకి పంపాలి.

మందులకౌంటర్: ఆ కల్చర్‌కి వారాలు పడుతుంది. వుడ్స్ ల్యాంపు అనే అతినీలలోహిత దీపం కింద నిమిషంలో తేలిపోతుంది. వెలగలేదంటే లేనట్టే.

పశువైద్యం: లేనట్టు కాదు. కానిస్ ఉన్నా కొన్నిసార్లు వెలగదు. పొట్టు, రాసిన ఆయింట్‌మెంట్ కూడా మెరిసి మోసం చేస్తాయి. చీకటి గదిలో వెంట్రుక మొదళ్లు ఆపిల్ పచ్చరంగులో వెలిగితేనే అనుమానించాలి. ఆ వెంట్రుకలే పీకి మైక్రోస్కోపు కింద చూడాలి.

మందులకౌంటర్: వెలుగుతుందని మీరే అంటారు, నమ్మొద్దని మీరే అంటారు!

చర్మవ్యాధులు: ల్యాంపు సంగతి ఆపండి. పెద్దవాళ్లకి గజ్జల్లో, నడుము చుట్టూ వచ్చేది సాధారణంగా ట్రైకోఫైటాన్ అనే వేరే ఫంగస్. మనిషి నుంచి మనిషికి, తువ్వాళ్లు, లోదుస్తుల ద్వారా పాకుతుంది. పిల్లిది ఎక్కువగా దాన్ని ఎత్తుకునే చేతుల మీద, మెడ మీద, పిల్లలకైతే తలలో వస్తుంది. అమ్మా, ఇన్నాళ్లూ ఏం రాశారు?

గుమ్మంపిల్లి: షాపులో ఇచ్చిన ట్యూబు. క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని ఉంది. రాస్తే దురద పోతుంది, ఆపితే రెట్టింపు.

చర్మవ్యాధులు: అదీ అసలు దోషి. క్లోబెటసాల్ ఘాటైన స్టిరాయిడ్. ఎర్రదనం, దురద అణచేస్తుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. చక్రంలా ఉండాల్సిన అంచు చెదిరిపోయి డాక్టరే గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడితే ఇక పోవు. చీటీ లేకుండా ఇది ఎవరిచ్చారు?

మందులకౌంటర్: మా మీదే పడండి! కూలి మానుకుని, ఫీజు కట్టి, టెస్టుకి మళ్లీ కట్టి ఎంతమంది రాగలరు? రాత్రంతా గోక్కునే మనిషిని ఉత్త చేతులతో పంపమంటారా?

చర్మవ్యాధులు: వద్దు. ఫంగస్‌కి సాదా క్లోట్రిమజోల్, దురదకి సెట్రిజిన్ ఇవ్వండి. అవీ మీ కౌంటర్లోనే ఉంటాయి. రెండ్రోజుల్లో హాయినిచ్చేది అమ్మితే గిరాకీ మళ్లీ వస్తుందనే కదా.

మందులకౌంటర్: సాదా ట్యూబు ఇస్తే మర్నాడే తిరిగొచ్చి తిడతారు. టెస్టు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందు చెప్పండి.

పశువైద్యం: గవర్నమెంటు ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించొచ్చు. పిల్లి బ్రష్ కల్చర్ కూడా మానకండి.

గుమ్మంపిల్లి: రేపటి నుంచి ఏం చేయాలో చెప్పండి.

చర్మవ్యాధులు: స్టిరాయిడ్ ట్యూబు ఆపండి. దురద కొన్నాళ్లు పెరుగుతుంది, భయపడి మళ్లీ రాయొద్దు. వెంటనే ఇద్దరినీ చూపించి, మచ్చ అంచు నుంచి పొట్టు గీకించి, ఫంగస్ ఉందేమో మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష చేయించండి. మధ్యలో గీకితే ఫంగస్ దొరక్కపోవచ్చు. ఆ ట్యూబులోని ఫంగస్ మందు టెర్బినాఫిన్‌కి లొంగని రకాలు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి డాక్టరు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ రాసివ్వొచ్చు. గుండె జబ్బుంటే, వేరే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. ఆ క్యాప్సూల్ భోజనం చేసిన వెంటనే మింగాలి. గ్యాస్ మాత్రతో కలిపి వేస్తే ఒంటికి పట్టదు. ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టండి. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి.

మందులకౌంటర్: ఆ క్యాప్సూళ్లు వారాల తరబడి వాడితే ఎంతవుతుందో అది కూడా రాయండి.