పాత టోపోషీట్ల సేకరణ: ముద్రణ సంవత్సరాన్ని నమ్మవచ్చా?

కృష్ణాతీరం: నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయిన గ్రామాలను చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల (నేల ఎత్తుపల్లాలు, నదులు, ఊళ్లు చూపే పటాల) కోసం కొంతకాలంగా వెతుకుతున్నాను. 56 పి అనే షీటు సంఖ్య పరిధిలోని అంగుళం మైలు పటం (నేల మీది మైలును అంగుళంగా చూపేది) ఒకటి పాత పుస్తకాల వ్యాపారి దగ్గర కనిపించింది. గుడ్డకు అంటించి, మడతలకు వీలుగా ముక్కలు చేసిన ప్రతి అది. ముద్రణ సంవత్సరాన్ని చూసి ఆయన దాన్ని ఆనకట్ట తరువాతి పటమంటున్నారు. అయితే లోయలో నది పాత దారినే పారుతోంది, ఊళ్ల పేర్లూ ఉన్నాయి. దేన్ని నమ్మాలి?

గొలుసుకట్టు: నదినే నమ్మండి. సాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. అంతకు ముందెప్పుడో కొలిచిన పటాన్ని, రోడ్లు మాత్రమే సరిదిద్ది, తరువాత మళ్లీ ముద్రించడం మామూలే. అందుకే అంచులో సర్వే జరిగిన సంవత్సరం, కూర్పు సంఖ్య, ముద్రణ సంవత్సరం మూడూ విడివిడిగా చదవాలి. అంచు కత్తిరించి చట్రంలో బిగించిన పటం ఎంత అందంగా ఉన్నా నేను కొనను, ఎందుకంటే దాని వయసు చెప్పే ఆధారమంతా ఆ అంచులోనే ఉంటుంది. కొలమానం కూడా చూడండి: 1:63,360 అయితే అంగుళం మైలు పటం, 1:50,000 అయితే మెట్రిక్ పద్ధతి వచ్చాక తయారైనది.

పడమటిగాలి: వెతికేటప్పుడు ఊరి పేరుకన్నా షీటు సంఖ్య మేలు. 56వ షీటు నాలుగు డిగ్రీల చదరం. దానిలో ఏ నుంచి పి వరకు ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు గళ్లు, ఒక్కో గడిలో మళ్లీ పదహారు షీట్లు ఉంటాయి. హైదరాబాదు పాత నగరం 56 కె/7లో వస్తుంది. కోస్తా షీట్లు దొరకడం కష్టం, తీర, సరిహద్దు ప్రాంతాల పటాల అమ్మకంపై చాలాకాలం ఆంక్షలు ఉండేవి.

గొలుసుకట్టు: భద్రపరచడం గురించి ఒక్క మాట. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు, ఆ జిగురు కాగితాన్ని పసుపురంగుకు తిప్పుతుంది. గుడ్డ ప్రతుల మడతల్లో వెండి పురుగు చేరుతుంది కనుక మెత్తని బ్రష్‌తో దులిపి, ఆమ్లరహిత కాగితం మధ్య పరిచి ఉంచండి. స్కాన్ చేసేటప్పుడు చెరువు కట్టల పక్కన ‘12ఆర్’ వంటి చిన్న అంకెలు చెదరకుండా చూసుకోండి, అవి చుట్టుపక్కల నేల నుంచి ఆ కట్ట ఎంత ఎత్తో చెబుతాయి.

కృష్ణాతీరం: ధన్యవాదాలండీ. కింది అంచు ఫొటో పంపమని వ్యాపారిని అడిగాను, సర్వే సంవత్సరం ఉంటేనే బేరం మాట్లాడతాను.