వినపడని పిల్లాడు ఔట్‌ఫీల్డ్‌లో ఆడొచ్చా?

బ్రాడీపేట నాన్న (గుంటూరు):
మావాడికి పదమూడేళ్లు. రెండు చెవులూ వినపడవు. పరుగు మాత్రం గాలే. స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో సెంటర్ ఫీల్డ్, అంటే ఔట్‌ఫీల్డ్ (మైదానం వెనక భాగం) మధ్యలో. పోయిన శనివారం పైకి లేచిన బంతి కోసం వీడూ, పక్క ఫీల్డరూ ఒకేసారి పరిగెత్తి గుద్దుకున్నారు. ఆ పిల్లాడు 'నాదీ' అని అరిచాడట. వీడికెలా తెలుస్తుంది? కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. సార్ వీడి చేతికి స్కోరు పుస్తకమిచ్చి కూర్చోబెట్టేశారు. వినపడనివాళ్లు పెద్ద స్థాయిలో ఎవరైనా ఆడారా?

కొత్తపేట కుర్రాడు:
క్రికెట్‌లో వేయండన్నా. బేస్‌బాల్ ఇక్కడ ఎవడు చూస్తాడు?

పటమట రిటైర్డ్ పీఈటీ (విజయవాడ):
క్రికెట్‌లో క్యాచ్‌కి గుద్దుకోరా నాయనా!

ఆడారండీ. విలియమ్ హోయ్ అని, 1862లో ఒహాయోలో పుట్టాడు. మూడేళ్లప్పుడు మెనింజైటిస్ వచ్చి చెవులు పోయాయి. చెప్పులు కుట్టుకుంటూ బంతాట ఆడినవాడు 1888లో పెద్ద లీగ్‌లోని వాషింగ్టన్ జట్టుకొచ్చి, ఆ ఏడాదే 82 బేస్‌లు దొంగిలించాడు, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడమన్నమాట. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. మరుసటేడు ఒకే మ్యాచ్‌లో ఔట్‌ఫీల్డ్ నుంచి విసిరి ముగ్గుర్ని హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చోటు) దగ్గర ఔట్ చేయించాడు.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. జట్టులో చేరిన కొత్తలోనే తోటివాళ్లకి ఓ కాగితం రాసి పెట్టాడు. దాని సారం: బంతి నేను పట్టేదైతే నేనే అరుస్తాను, నా అరుపు వినపడలేదంటే దానికి రావట్లేదని, మీరు చూసుకోండి. అంటే అరిచే పని తను పెట్టుకుని, వినే పని చెవులున్నవాళ్లకి ఇచ్చాడు. బ్యాటింగప్పుడు అంపైర్ మాట వినపడదు కాబట్టి థర్డ్ బేస్ దగ్గరి కోచ్ స్ట్రైకైతే (కొట్టాల్సిన బంతి వదిలినా, కొట్టబోయి తప్పినా) కుడి చెయ్యి, బాలైతే (కొట్టే పరిధి బయటికి పోయిన బంతి) ఎడమ చెయ్యి ఎత్తేవాడు. అంపైర్ల సైగలన్నీ ఇతని వల్లే వచ్చాయంటారు గానీ, అది తేలిన మాట కాదు.

పేపర్లలో కూడా అతన్ని 'డమ్మీ' అనే రాసేవారు, అంటే మూగోడని. నేనూ సర్వీసులో ఒక పిల్లాణ్ణి అలాగే పిలిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బ్రాడీపేట నాన్న:
మాస్టారూ, మావాడికి మాట స్పష్టంగా రాదండి. 'నాదీ' అన్నా ఎవరికీ అర్థం కాదు.

పటమట రిటైర్డ్ పీఈటీ:
అర్థమెందుకండీ, వినపడితే చాలు. హోయ్‌దీ కీచుగొంతే. ఆ గొంతుతోనే 1902 దాకా ఆడి రెండువేల పైచిలుకు హిట్లు కొట్టాడు. 1961లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో, సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) మ్యాచ్‌కి లాంఛనంగా తొలి బంతి విసిరాడు. ఆ డిసెంబరులోనే పోయాడు. మీ సార్‌తో నన్ను మాట్లాడమంటారా?

బ్రాడీపేట నాన్న:
సోమవారం నేనే వెళ్తానండి. నిన్న సాయంత్రం డాబా మీద ప్రాక్టీసు పెట్టాం. వీడి అరుపుకి కింది వాటా ఆవిడ స్టవ్ ఆపేసి పరిగెత్తుకొచ్చారు.