అప్‌డేట్: కొత్త టూరింగ్ బైక్ తెర మీద మ్యాప్ గొడవ

కొత్త బండి తెర మీద మ్యాప్ దారి మధ్యలో మాయమవుతోందని, హెల్మెట్ హెడ్‌సెట్ జత చేయకపోతే అసలు తెరుచుకోవడమే లేదని మొన్న అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మాయమవడానికి కారణం ఫోను. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు, ఫోను తెర ఆరగానే, బండి తెరకు మ్యాప్ పంపే యాప్‌ను నిద్రపుచ్చుతోంది. ఆ యాప్‌కు దాన్ని తీసేసి, లొకేషన్ అనుమతి ఎల్లప్పుడూ ఉండేలా మార్చి, పాత జతను (పెయిరింగ్) ఫోనులోనూ బండిలోనూ చెరిపి మళ్లీ కలిపాను. అలిపిరి నుంచి రెండో ఘాట్ మీదుగా తిరుమల వెళ్లి, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగేదాకా బాణం గుర్తు ఎక్కడా ఆగలేదు. (ఆ దారిలో తప్పిపోయే వీలే లేదనుకోండి, అది వేరే సంగతి.)

హెడ్‌సెట్ షరతు మాత్రం అలాగే ఉంది. షోరూంలో అడిగితే, "లోపం కాదు సార్, డిజైనే అంత" అన్నారు. లక్షలు పోసి కొన్నవాడికి ఇదా సమాధానం!

వెనుక చక్రం ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపితే, తాళం తిప్పగానే మళ్లీ మొదటికొస్తోంది. భద్రత కోసమేనట, సరే. మరి ఎండకు తెర దానంతట అదే మసకబారడం ఏ భద్రత? రేణిగుంట రోడ్డులో మిట్టమధ్యాహ్నం వేగం అంకె చూడాలంటే అరచేయి అడ్డం పెట్టాల్సి వచ్చింది.

హ్యాండిల్‌కు ఫోను బిగించమన్నవారికి: మోటార్‌సైకిల్ ప్రకంపనలు ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. అందుకే కుదుపులు తగ్గించే మౌంటు తెప్పిస్తున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎవరికైనా వచ్చి ఉంటే, హెడ్‌సెట్ షరతు ఎత్తేశారో లేదో చెప్పగలరు.