"రూపాంతరము పొందుడి": మారమనా, మార్చబడమనా?

ప్రశ్న (ప్రొద్దుటూరు):
అందరికీ వందనాలు. మా సంఘ బైబిలు తరగతిలో రోమా 12:2 చదివాం: "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి." అక్కడ ఒక అమ్మాయి అడిగింది: పొందడం అంటే ఒకరు ఇస్తే అందుకోవడం కదా, మరి "పొందుడి" అని ఆజ్ఞాపిస్తే మనం చేయవలసిందేమిటి? మత్తయి 3:2లో "మారుమనస్సు పొందుడి", 2 పేతురు 3:18లో "అభివృద్ధిపొందుడి" కూడా ఇలాగే ఉన్నాయి. నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు (కడప):
అమ్మా, చాలా మంచి ప్రశ్న. మూడు చోట్లా తెలుగులో "పొందు" ఉన్నా గ్రీకు మూలంలో మూడూ ఒక తీరువి కావు. మారుమనస్సు, అభివృద్ధి అన్నచోట్ల క్రియ కర్తరిలో ఉంది, అంటే వినేవాడు తానే చేయవలసిన పని. రోమా 12:2లో మాత్రం కర్మణి: మార్చేవాడు దేవుడు, మార్పుకు లోబడేది మనం. అదే క్రియను 2 కొరింథీ 3:18లో మనవాళ్లు "మార్చబడుచున్నాము" అని తెలిగించారు. కొండమీద యేసు రూపాంతరం పొందాడని మత్తయి 17:2 చెప్పేదీ ఆ క్రియతోనే.

అయితే తెలుగు "పొందు"ను తక్కువగా చూడకండి. శిక్షణ పొందాలంటే నేర్పేవారు ఉండాలి, మనమూ రోజూ వెళ్లి కూర్చోవాలి. ఆ అమ్మాయికి ఈ ఒక్క ప్రయోగం చూపిస్తే చాలు. ఇచ్చేవాడు, అందుకునేవాడు ఇద్దరూ ఆ మాటలో ఉన్నారు. నన్నడిగితే పౌలు భావానికి "మారండి" కన్నా ఇదే దగ్గర.

మా పెద్దనాన్నగారి సంగతి ఒకటి చెప్పాలి. బాప్తిస్మం తీసుకున్న తరువాత కూడా పక్క చేనివారితో గట్టు తగాదా విడిచిపెట్టలేదు. వేకువ ప్రార్థన తప్పేది కాదు, వాళ్లతో మాటా కలిసేది కాదు. ఏళ్లు గడిచాయి. ఒక వేసవిలో, వేరుశనగ దుక్కికి ముందు, తానే గడ్డపార పట్టుకుని వెళ్లి, ఎప్పుడో జరిపిన హద్దురాయిని పెకలించి మునుపటి చోట నాటి వచ్చారు. ఎవరూ అడగలేదు, పంచాయితీ పెట్టలేదు. ఎందుకని అడిగితే, "మోకరిస్తే ఆ రాయే కళ్లముందుకు వస్తోంది" అన్నారు. ఆయనను కదిలించింది దేవుడే, గడ్డపార పట్టింది మాత్రం ఆయనే.

జవాబు (జమ్మలమడుగు):
అన్నా, నా బాధ వేరు. లండన్ మిషన్ 1822లో కడపకు వచ్చింది. మా ఇంట్లో తాతముత్తాతల నుంచీ క్రైస్తవులమే, నాకు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. సాక్ష్యాల కూటాల్లో "మారుమనస్సు పొందిన తేదీ చెప్పండి" అంటారు. నాకు అలాంటి తేదీ లేదు. అంటే నేను పొందనట్టేనా?

జవాబు (కడప):
తమ్ముడూ, తేదీ చెప్పగలిగినవారి సాక్ష్యం నిజమైనదే, దాన్ని చిన్నబుచ్చను. కానీ రోమా 12:2లోని క్రియ జరుగుతూ ఉండే పనిని చెబుతుంది, ఒక్కసారితో ముగిసేదాన్ని కాదు. పైగా పౌలు ఆ మాట రాసింది అప్పటికే విశ్వసించినవారికి. మత్తయి 3లో యోహాను కూడా "మారుమనస్సు పొందుడి" అన్న కాసేపటికే, దానికి తగిన ఫలం ఫలించమంటాడు. అక్కడ అడిగింది ఫలం, తేదీ కాదు. ఏ తేదీనో తెలియలేదని నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలన్నా. శిక్షణ ఉదాహరణ వచ్చే తరగతిలో చెబుతాను. ఇంకొకటి: "పొందుడి"లోని "-డి" బహువచనం కదా? అంటే సంఘమంతా కలిసి మారడమేనా?

జవాబు (కడప):
అవునమ్మా, గ్రీకులోనూ బహువచనమే. ఆ వచనం తరువాత వెంటనే 4, 5 వచనాలు చదివించండి, అనేక అవయవాలు, ఒకే శరీరం అన్న మాట అక్కడే వస్తుంది.