కచేరీ సమీక్షకు వచ్చిన విమర్శల్లో దేన్ని పట్టించుకోవాలి?

కోనసీమ శ్రోత:

అందరికీ నమస్కారం. నేను పాడను, వాయించను. చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని వదిలేశాను, వినడం మాత్రం వదల్లేదు. మా ఊళ్లో ఏటా త్యాగరాజ ఆరాధనకు జరిగే కచేరీల మీద నాలుగు ముక్కలు రాసి స్నేహితులకు పంపుతుంటాను. ఈసారి రాసింది చేతులు మారి, పాడిన యువ గాయని తోటి శిష్యుల దాకా వెళ్లింది. గొడవకు కారణమైన భాగం ఇది (ముఖారి, భైరవి పోలికలున్న రెండు రాగాలు; ఆలాపన అంటే పాటకు ముందు మాటలు లేకుండా రాగాన్ని పాడటం, నెరవల్ అంటే పాటలో ఒక పాదాన్ని రకరకాలుగా మార్చి పాడటం):

“ముఖారి ఆలాపన హాయిగా మొదలైంది. కానీ నడుమ రెండు చోట్ల భైరవి తొంగిచూసింది. ‘ఎంతని నే వర్ణింతును’ ఎత్తుకున్నాక గానీ ముఖారి నిలబడలేదు. ప్రధానంగా పాడిన ‘నిధి చాల సుఖమా’లో నెరవల్ ఆర్ద్రంగా ఉంది. మృదంగ సహకారం సముచితం. శ్రోతలు రసానందంలో ఓలలాడారు.”

ఒకాయన “ముందు మీరు ఒక వర్ణం రెండు కాలాల్లో పాడి వినిపించండి, ముఖారి సంగతి తర్వాత మాట్లాడదాం” అన్నారు. ఇంకొకావిడ “పైకి వస్తున్న పిల్ల గురించి ఇలా రాయవచ్చా?” అని బాధపడ్డారు. మా బావ “అద్భుతం, పత్రికకు పంపు” అన్నాడు. ఆయన ఆ రోజు కచేరీకి రానేలేదు. సంగీత కళాశాలలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు మాత్రం “భైరవి ఎక్కడ?” అని అడిగి ఊరుకున్నారు.

వీటిలో ఏది పట్టించుకోవాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రవాడు అదే కచేరీ మీద తనూ రాసి నా అభిప్రాయం అడిగాడు. ఒక్క పేజీలో “అద్భుతం” నాలుగుసార్లు ఉంది. భయపెట్టకుండా ఏమని చెప్పాలి?

లయగాడు:

నేను మృదంగం వాయిస్తాను కాబట్టి నా బాధ ముందు చెప్పుకుంటాను. “సముచితం” అనే మాటను మా నుదుటి మీద అచ్చు వేసి పంపినట్టున్నారు, ఏ సమీక్ష తెరిచినా అదే! ‘నిధి చాల సుఖమా’ మిశ్రచాపు. అంటే ఏడక్షరాల తాళంలో తని ఆవర్తనం, అదే మృదంగం ఒంటరిగా వినిపించే భాగం, వాయించి ఉంటారు. దాన్ని ముగించే ముక్తాయింపు లెక్క మీకు తెలియక్కర్లేదు. ఆమె నెరవల్‌లో కాలం పెంచినప్పుడు మృదంగం ఒదిగిందా, మీద పడిందా? తని మొదలుకాగానే ఎంతమంది కాఫీకి లేచారు? ఇవి చెప్పడానికి చెవులు, కళ్లు చాలు.

వీణ పంతులమ్మ:

మాస్టారి ప్రశ్నే మీకు దొరికిన అసలైన విమర్శ. ఆయన మీది తప్పన్నారని ఎందుకు అనుకుంటారు? చోటు చూపించమన్నారు, అంతే. చూపించడం కష్టమూ కాదు. ముఖారి ఆరోహణ స రి మ ప ని ద స, పైకి వెళ్లేటప్పుడు గాంధారం (గ) ఉండదు. భైరవిలో ఉంటుంది: స గ రి గ మ ప ద ని స. రెండింటిలోనూ ఎక్కేటప్పుడు కాస్త పైదైన చతుశ్రుతి ధైవతం (ద), దిగేటప్పుడు కిందిదైన శుద్ధ ధైవతం కాబట్టి ధైవతం ఒక్కటే విని తేల్చలేం. ఆమె “రి గ మ” అని ఎక్కినట్టు మీకు వినిపిస్తే ఆ మాటే రాయండి. “తొంగిచూసింది” అంటే ఒప్పుకోవడానికీ కాదనడానికీ వీల్లేదు.

వర్ణం పాడి చూపించమన్నాయనకు జవాబు ఇవ్వకండి. తమిళ రచయిత కల్కి కృష్ణమూర్తి ‘కర్ణాటకం’ అనే పేరుతో ఆనంద వికటన్ పత్రికలో కచేరీ సమీక్షలు రాశారు. ఆయన కథలు, నవలలు రాసే పాత్రికేయుడు, వేదికెక్కి కచేరీలు చేసిన విద్వాంసుడు కాదు. అలాగని వినేవాళ్లందరూ కల్కి అయిపోరు లెండి.

బాధపడ్డ ఆవిడను మాత్రం తోసిపారేయకండి. ముఖారికి మూడు వాక్యాలు ఇచ్చారు, అందులో రెండు తప్పులెన్నడానికే. ‘నిధి చాల సుఖమా’ కల్యాణి రాగం; ఆ ఆలాపన, కీర్తన, నెరవల్, స్వరాలు, తని కలిస్తే కచేరీలో పెద్ద భాగం అదే కదా, దానికి దక్కింది ఒక్క “ఆర్ద్రంగా”. నెరవల్ “మమత బంధనయుత” దగ్గరే చేశారా? తెలుగు రానివాళ్లు ఆ పాదంలోని “నరస్తుతి”ని ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తారు. ఈ అమ్మాయి విరవకుండా పాడి ఉంటే అది రాయదగ్గ విషయం, అది పట్టుకోవడంలో తెలుగువాళ్లుగా మనకు సులువు ఉంది.

కుర్రవాడి కాగితం నిండా ఎర్ర గీతలు పెట్టకండి. ఒక్క “అద్భుతం” మీద వేలు పెట్టి “ఇక్కడ నీకు ఏం వినిపించింది?” అని అడగండి. వాడు నోటితో చెప్పేది కాగితం మీద ఉన్నదానికంటే బాగుంటుంది. దాన్నే రాయమనండి.

చిక్కడపల్లి రసికుడు:

టీచరు గారితో సగమే ఏకీభవిస్తాను. నాకు స్వరాలు తెలియవు. సమీక్షలో “రి గ మ” కనబడగానే పేజీ తిప్పేస్తాను. ఆ గాయని మా ఊరు వస్తే ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరాలా వద్దా అన్నది తేలితే నాకు చాలు. మాస్టారికి ఒక సమీక్ష, నాలాంటివాడికి ఇంకొకటి రాస్తారా?

వీణ పంతులమ్మ:

రెండు అక్కర్లేదండీ. సమీక్షలో “ఆలాపనలో ఒకచోట భైరవిలా వినిపించింది, గాంధారం తాకడం వల్ల కావచ్చు” అంటే మీకు అర్థమవుతుంది. మాస్టారు అడిగితే ఆ చోటు చెప్పడానికి రచయిత సిద్ధంగా ఉండాలి.

కోనసీమ శ్రోత:

నా ఫోనులో ఉన్న రికార్డింగు మళ్లీ విని ఆ రెండు చోట్లూ కోసి మాస్టారికి పంపాను. మొదటిదానికి “నిజమే, ఇక్కడ గాంధారం పడింది” అన్నారు. రెండోది గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలకడంలో, కదిలిన నీడే తప్ప స్వరం కాదంటున్నారు. నాకు ఇప్పటికీ స్వరంలాగే వినిపిస్తోంది. ఆ వాదన తెగలేదు.

కుర్రవాణ్ణి టీచరు గారు చెప్పినట్టే అడిగాను. “మొదటి పాట అయ్యేదాకా వయొలిన్ శ్రుతి పెట్టెతో సరిగా కలవలేదండీ, రెండో పాటకు ముందు ఆయన తీగ సవరించుకున్నాక అంతా ఒక్కసారిగా బాగుందనిపించింది” అన్నాడు. కచేరీలో నేను అది గమనించనేలేదు. ఆ వాక్యం అలాగే రాయమన్నాను. వయొలిన్ విద్వాంసుడు చదివితే ఏమనుకుంటారో అని ఇప్పుడు వాడు భయపడుతున్నాడు.

లయగాడు:

ఏమీ అనుకోరు. వాక్యంలో రెండో సగం కూడా ఉంచమనండి, సవరించుకున్నారన్నది. ఇంతకీ తని సంగతి ఎవరైనా చెబుతారా?