4×4×4 క్యూబ్‌లో ఒక్క అంచు మాత్రమే తిరగబడి మిగలడం ఎలా సాధ్యం?

ప్రశ్న:
3×3×3 రూబిక్స్ క్యూబ్‌లో మిగతావన్నీ సరిగా కుదిరి, ఒక్క అంచు ముక్క మాత్రమే తన చోటనే తిరగబడి ఉండే స్థితి ఎన్ని మలుపులు తిప్పినా రాదని చదివాను. అయితే 4×4×4 క్యూబ్‌లో మధ్య ముక్కలను రంగుల వారీగా చేర్చి, అంచులను జంటలుగా కలిపి, ఆపైన దానిని 3×3×3 లాగే పరిష్కరిస్తున్నప్పుడు అదే స్థితి తరచుగా ఎదురవుతోంది. దానిని సరిచేసే అల్గారిథమ్ (వరుసగా తిప్పాల్సిన మలుపుల క్రమం) నాకు వచ్చు, తెలియనిది కారణమే. అక్కడ చెల్లిన నియమం ఇక్కడ ఎందుకు చెల్లడం లేదు?

మొదటి సమాధానం:
ముందు ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 3×3×3లో 8 మూల ముక్కలు, 12 అంచు ముక్కలు ఉంటాయి. ఒక ముఖాన్ని పావు మలుపు తిప్పితే నాలుగు మూలలు ఒక చక్రంగానూ, నాలుగు అంచులు మరొక చక్రంగానూ జరుగుతాయి. నాలుగింటి చక్రం మూడు జత మార్పిళ్లకు సమానం కనుక అది బేసి ప్రస్తారం, అంటే బేసి సంఖ్యలో జత మార్పిళ్లతో వచ్చే స్థానాల మార్పు. అందువల్ల మూలల ప్రస్తారం, అంచుల ప్రస్తారం ఎప్పుడూ కలిసే సరి అవుతాయి, కలిసే బేసి అవుతాయి. దీనికి తోడు, తిరగబడిన అంచుల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే. మూల ముక్క తన చోటనే ఒకే దిశలో మూడో వంతు తిరగడాన్ని ఒక మెలికగా లెక్కిస్తే, మూలల మెలికల మొత్తం ఎప్పుడూ 3 గుణిజమే. క్యూబ్‌ను ఊడదీసి ఇష్టం వచ్చినట్లు బిగిస్తే అది పరిష్కారమయ్యే అవకాశం 12లో ఒక వంతు మాత్రమే కావడానికి ఈ మూడు నిబంధనలే కారణం. అందరూ చెప్పుకునే 43,252,003,274,489,856,000 స్థితుల లెక్క కూడా ఆ 12తో భాగించిన తరువాత వచ్చినదే.

రెండవ సమాధానం:
ఒక్క అంచు ముక్క మాత్రమే తిరగబడదనే నియమం 4×4×4లో చెల్లకుండా పోలేదు. అక్కడ ఏ ముక్కా తిరగబడనే లేదు. 3×3×3 అంచు ముక్క అంచుకు నడిమధ్యన ఉంటుంది కనుక దానికి కుడి ఎడమల తేడా లేదు. 4×4×4లో ప్రతి అంచునా రెండు ముక్కలుంటాయి. ఒక ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని, ఆ అంచు పైకి వచ్చేలా పట్టుకుని చూస్తే ఒక ముక్క రంగు కుడివైపున ఉంటుంది. పక్క ముఖం వైపు నుంచి మళ్లీ అంచును పైకి పెట్టి చూస్తే అదే ముక్క రెండవ రంగు ఎడమవైపున ఉంటుంది. అంటే ప్రతి ముక్కకూ ఒక కుడి రంగు, ఒక ఎడమ రంగు ఉన్నాయన్నమాట. ఏ పొరను తిప్పినా జరిగేది భ్రమణమే గాని ప్రతిబింబం కాదు కనుక, 24 కుడి స్థానాల్లోని రంగులు 24 ఎడమ స్థానాల్లోకి ఎన్నటికీ చేరవు. కాబట్టి ముక్క తన చోటనే తిరగబడడం అసంభవం. మీకు తిరగబడినట్లు కనిపించే జంటలో నిజానికి రెండు ముక్కలు ఒకదాని చోటికి మరొకటి వెళ్లాయి. నా దృష్టిలో 4×4×4లోని అసలు అందం ఇదే.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. కానీ రెండే ముక్కలు చోటు మారడం బేసి ప్రస్తారం కదా? మూలలు కదలకుండా అది ఎలా కుదిరింది?

మూడవ సమాధానం:
లోపలి పొర వల్ల. బయటి ముఖాన్ని పావు మలుపు తిప్పితే అంచు ముక్కలు ఎనిమిది కదులుతాయి. అవి రెండు చక్రాలు కనుక సరి ప్రస్తారం. లోపలి పొరను ఒక్కదానినే తిప్పితే నాలుగు అంచు ముక్కలు ఒకే చక్రంగా కదులుతాయి, అది బేసి. మూలలు అసలు కదలవు. అందువల్ల అంచుల సరి బేసి గుణం మూలలతో సంబంధం లేకుండా, లోపలి పొర పావు మలుపుల సంఖ్యను బట్టి మాత్రమే నిర్ణయమవుతుంది. రెండు జంటలు పరస్పరం చోటు మారిన ఆ మరో చిక్కు స్థితి వేరు: అందులో నాలుగు ముక్కల రెండు మార్పిళ్లు ఉంటాయి కనుక అది సరి ప్రస్తారమే, లోపలి పొరల అర మలుపులతోనే తీరిపోతుంది. మీకు వచ్చిన అల్గారిథమ్‌లో లోపలి పొర పావు మలుపులను లెక్కపెట్టి చూడండి. లోపలి పొరను పక్కనున్న బయటి పొరతో కలిపి తిప్పినా దానిని ఒకటిగానే, అర మలుపును రెండుగా లెక్కించండి. అది తప్పనిసరిగా బేసి సంఖ్యే అవుతుంది.