ఈ వారం సమస్య: "వరద ముంచిన నాడె నా పర్వదినము"

నిర్వాహకుడు: తేటగీతి అనే ఛందస్సులో పద్యానికి ఆఖరి పాదమండీ, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. బతుకులో అన్నిటికంటే చెడ్డ రోజూ, మంచి రోజూ ఒకటే ఎలా అవుతాయో చెప్పాలి. పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదరాల్సిన పొత్తే యతి కదా, వ-ప యతి ఏమిటని అడగబోయేవారికి ముందే చెప్తున్నా, అభేదవర్గ యతి, అంటే వ-కి ప-వర్గంతో పొత్తు, చెల్లుతుంది. మన కోనసీమలో గోదారి దెబ్బ తెలియని ఇల్లు ఉండదు కాబట్టి సరుకుకి లోటు లేదు.

కొబ్బరాకు:

ఊరు కన్నీటిపాలయి యుండు వేళ
పడవ లోపల నొప్పులు పడిన తల్లి
గట్టు చేరక మున్నె నన్ గన్నదంట
వరద ముంచిన నాడె నా పర్వదినము

నిర్వాహకుడు: పుట్టినరోజే పర్వదినం. పూరణ సాఫీగా ఉంది. "అంట" వాడుక మాటే అయినా ఉంచేయండి, మన వైపు అది లేకుండా కథ నడవదు. కానీ కల్పనని తెలిసిపోతోంది. నొప్పులు పడుతున్న మనిషిని వరదలో పడవ ఎక్కించడమే పెద్ద కథ. దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు.

కొబ్బరాకు: దొరికిపోయాను మాష్టారూ. నేను పుట్టింది అమలాపురంలో, మేడ మీద.

పులసప్రియ: నాది మొదటి పాదం వరకే వచ్చింది. "పులస చేపను తెచ్చిరి నేడు ఇంట". వరద ఎర్రనీరు వస్తేనే కదండీ పులస సముద్రం వదిలి గోదారిలోకి ఎదురెక్కేది!

నిర్వాహకుడు: పు-నే యతి కుదరదు. పైగా "నేడు ఇంట" అని సంధి చేయకుండా వదిలేశారు. "పులస చేపను తెచ్చిరి పొద్దు పొడవ" అనండి, రెండూ సర్దుకుంటాయి. అయినా ఇల్లు మునిగినవాళ్ల ముందు పులుసు మాట ఎత్తుతారా!

రేవుగట్టు: నేను "వరద"ను మనిషిని చేశాను. 2015 పుష్కరాల నాటి ముచ్చట.

పుష్కరాలకు రేవులో ముక్కు పట్టి
మూడు సారులు నీటిలో ముసలి యవ్వ
పేరు వరదమ్మ, చేయేమొ పెద్ద బండ
వరద ముంచిన నాడె నా పర్వదినము

నిర్వాహకుడు: భలే! మొదటి పాదంలో పు-ము, ముకార యతి, అంటే పు-కి ము-తో పొత్తు. తెలిసి వేశారో, తగిలిందో గానీ బాగుంది. మూడో పాదం మధ్యలో దూరడంతో "యవ్వ"కీ "ముంచిన"కీ ఎడం పెరిగి అన్వయం కొంచెం తడబడింది. ఆ పెద్ద బండ కోసం క్షమించేయొచ్చు. కాకపోతే ఇందులో చెడ్డ రోజేదీ? మీకు ఊపిరాడకపోవడం తప్ప.

లంకరైతు: నాకు ఛందస్సు అంతంతమాత్రం. మా అబ్బాయి గణాలు సరిచూశాడు.

అన్నదమ్ముల మాటలే యాగిపోయె
గట్టు తగవున, నా గట్టు కరిగె నీట,
తాటి దూలాన నను బట్టి తమ్ము డేడ్చె
వరద ముంచిన నాడె నా పర్వదినము

ఇది 1986 ఆగస్టు మాట. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకే ఇస్తారు. ఆ ఏడు 35 లక్షలు దాటింది. మా ఇద్దరి చేల మధ్య గట్టు మూరెడు వెడల్పు. దాని కోసం నాలుగేళ్లు మాటల్లేవు. ఆ రాత్రి నీళ్లు చూరు దాకా వచ్చేసరికి వాడు ఈదుకుంటూ మా పాకలోకి వచ్చి నా పక్కనే దూలం మీదకెక్కాడు. గొడ్లు కొట్టుకుపోతున్నాయి, కొబ్బరి బొండాలు పాకకి తగులుతున్నాయి. వాడు ఒకటే ఏడుపు. నేనూ ఏడ్చాను గానీ పద్యంలో వేసుకోలేదు.

కొబ్బరాకు: ఇక నా పద్యం తీసేయొచ్చు.

రేవుగట్టు: ఒక్క సందేహం. రెండో పాదంలో "తగవున నా గట్టు" అన్నారు. "ఆ గట్టు" అని ద్రుతసంధా, అంటే "తగవునన్"లో న్ "ఆ"తో కలిసిందా, "నా గట్టు" అనా?

లంకరైతు: ఆ గోలే కదండీ మా తగవు.

నిర్వాహకుడు: ఇక నేను దిద్దేదేం లేదు. వరద తీశాక ఏమైందో చెప్పండి.

లంకరైతు: ఒండ్రు మేట వేసి రెండు చేలూ ఒకటైపోయాయి. హద్దురాళ్లు కూడా కనపడలేదు. ఆ ఏడు కలిపే దున్నాం. మరుసటేడు గట్టు మళ్లీ వేసుకున్నాం లెండి. తాడు ఆ చివర మా తమ్ముడే పట్టుకున్నాడు.